అతిసారము: ప్రాణము నిలుపు ఉప్పునీరు

ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయపూరునందును, సమీపముననున్న భిలాయి, దుర్గ్ పట్టణములందును తెలుగు కుటుంబములు చాలకాలముగా నివసించుచున్నవి. వానకాలము వచ్చుటతోనే ఇచ్చటను, ఇతర ప్రాంతములందువలెనే, అతిసారము తలయెత్తును. నీళ్ల విరేచనములతో సోలిపోవు బిడ్డకు నీరు పట్టిన విరేచనములు హెచ్చునని భయపడి దాహము మాన్పించువారు నేటికిని కలరు. ఈ భయము బిడ్డ ప్రాణమునకే ముప్పు. అతిసారమున చాలవరకు ప్రాణము తీయునది శరీరమునుండి నీరును, లవణములును తరలిపోవుటయే.

పోయిన నీటిని నోటిద్వారా తిరిగి నింపవచ్చునా? 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో చికిత్స చేసి, ఫలితములను ప్రకటించెను. గ్లూకోజు తోడున్నపుడు ప్రేగులు ఉప్పును లోనికి గ్రహించుననియు, ఉప్పు వెంట నీరును పోవుననియు తరువాతి పరిశోధనలు తెలిపినవి. విరేచనములు సాగుచున్నను ఈ మార్గము మూతపడదు. 1968లో ఢాకా నగరమున నాలిన్, క్యాష్ అను వైద్యులు ఈ ద్రావణమును రోగులచే త్రాగించగా, సెలైను అవసరము నూటికి 80 వంతులు తగ్గెను.

అసలు పరీక్ష 1971లో వచ్చినది. బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమబెంగాలునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగెను. సెలైను చాలలేదు. డాక్టరు దిలీప్ మహాలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు ఉండిన మరణములు 4కు లోపుగా తగ్గెను. 2022లో కీర్తిశేషుడైన ఆ వైద్యునకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటింపబడినది.

నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లము ఈ పరిశోధనల ఫలమే. 2002లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీని పాళ్లను సవరించి, లీటరునకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండునట్లు నిర్ణయించెను. పొటాసియము, సిట్రేటు లవణములు వేరుగా ఉండును. కావున పాళ్లే ఇందు ముఖ్యము. పంచదార హెచ్చైన తీపి పానీయములు విరేచనములను పెంచగలవు. ఈ ప్రమాణములకు సరిపడని పానీయములు ఓ.ఆర్.ఎస్. పేరు వాడరాదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించినది.

వరిపంటకు పేరొందిన ఛత్తీస్‌గఢ్ పల్లెలలో అన్నపు గంజిని పసియా అందురు. విరేచనములు మొదలైనంతనే ఉప్పు వేసిన గంజి, మజ్జిగ ఇచ్చుట మేలు. కలరా రోగులకు గ్లూకోజు స్థానమున బియ్యపుపిండి చేర్చిన ద్రావణము నిచ్చినపుడు విరేచనముల పరిమాణము తగ్గినట్లు పరిశోధనలలో తేలినది. అయినను గంజి ఓ.ఆర్.ఎస్.కు బదులు కాజాలదు.

తల్లిదండ్రులు ఈ నియమములు పాటింపవలెను. పొట్లముపై సూచించిన కొలతకు సరిగా, కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతయు కలుపవలెను. చెంచాతో కొద్దికొద్దిగా పట్టవలెను. వాంతియైన పది నిమిషములు ఆగి మరల ఈయవలెను. 24 గంటలు గడిచిన ద్రావణమును పారబోయవలెను. చనుబాలు, ఆహారము ఆపరాదు. వైద్యుని సలహాతో జింకు మాత్రలు, విరేచనములు తగ్గినను, 14 దినములు వాడవలెను.

మలమున రక్తము పడినను, కన్నులు లోతుకుపోయినను, బిడ్డ త్రాగలేకున్నను, మగతగా పడియున్నను జాగు చేయరాదు. సమీప ఆరోగ్యకేంద్రమునకు వెంటనే తీసికొనిపోవలెను. రాయపూరున 1963లో నెలకొన్న ప్రభుత్వ వైద్యకళాశాలకు అనుబంధమైన అంబేద్కర్ ఆసుపత్రియు, 2012లో ఆరంభమైన అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థయు కలవు. ఆసుపత్రికి పోవు దారిలోను ఆ ద్రావణమును పట్టుచునే యుండవలెను. బన్‌గావ్ శిబిరమున ప్రాణములు నిలిపినది రోగి ప్రక్కన కూర్చుండిన బంధువుల చేతులే. ప్రతి గృహమునందును ఆ పని చేయగల చేతులు కలవు.