బిట్‌కాయిన్ వంతెనకు గణితం కాపలా

న్యూఢిల్లీ : ప్రపంచవ్యాప్తంగా లక్షలాది మంది మదుపు చేసిన బిట్‌కాయిన్ వ్యవస్థ సెకనుకు సుమారు ఏడు లావాదేవీలను మించి నమోదు చేయలేకపోతున్నది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే మన దేశంలో యూపీఐ చెల్లింపులు రెండు వేల కోట్లు దాటాయి. అంటే సెకనుకు సగటున ఏడు వేలకు పైమాటే.

ఈ నెమ్మదితనం కావాలని పెట్టుకున్నదే. సుమారు పది నిమిషాలకొక పుట చొప్పున పెరిగే ఖాతా పుస్తకాన్ని సామాన్యుని కంప్యూటర్ సైతం తనిఖీ చేయగలగాలన్నది దాని మూలసూత్రం. పుట సైజు పెంచాలన్న వివాదం ముదిరి 2017 ఆగస్టులో బిట్‌కాయిన్ క్యాష్ వేరుపడింది.

మిగిలిన దారి నాణేన్ని వేగవంతమైన మరో గొలుసుకు తరలించడం. నిజానికి నాణెం కదలదు. దానిని ఇక్కడ తాళం వేసి, అంతే విలువ గల టోకెన్‌ను అక్కడ జారీ చేస్తారు. ఈ 'వంతెన' తాళంచెవులు కొద్దిమంది చేతుల్లో ఉండటమే ప్రమాదం. 2022 మార్చిలో ఎథీరియం గొలుసును ఒక వీడియో గేమ్ గొలుసుతో కలిపే రోనిన్ వంతెనపై తొమ్మిది తాళంచెవుల్లో ఐదింటిని చేజిక్కించుకున్న దుండగులు 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకున్నారు. ఆరు రోజుల దాకా ఆ సంగతి నిర్వాహకులకే తెలియదు! ఒక ఖాతాదారు తన సొమ్ము తీసుకోబోగా బయటపడింది. ఇది ఉత్తర కొరియా ముఠా పనేనని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది.

మనుషులకు బదులు గణితాన్ని నమ్మడం ఎలాగన్నదే ఇప్పుడు పరిశోధకుల ప్రయత్నం. 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ ప్రతిపాదించిన 'జీరో నాలెడ్జ్ ప్రూఫ్' అందుకు ఆధారం. వేలాది పద్దులున్న చిట్టాను చూపకుండానే ఆవర్జా సరిపోయిందని రుజువు చేసే పద్ధతి ఇది. ఆడిటరు సంతకమైతే ఆడిటరును నమ్మాలి. ఈ రుజువును ఎవరైనా క్షణాల్లో లెక్కవేసి చూసుకోవచ్చు. ఫలితంగా వేల లావాదేవీలు బయటనే ముగిసి, ఒక చిన్న రుజువు మాత్రమే అసలు పుస్తకానికి చేరితే సరిపోతుంది.

అయితే అంత లెక్కను నేరుగా సరిచూసే శక్తి బిట్‌కాయిన్ పరిమిత ఆదేశ భాషకు లేదు. 2023 అక్టోబరులో రాబిన్ లైనస్ ప్రకటించిన 'బిట్‌వీఎం' దీనికి ఉపాయం చూపింది. లెక్క బయట జరుగుతుంది. ఎవరైనా తప్పుడు రుజువుతో సొమ్ము కాజేయబోతే, వివాదాస్పదమైన భాగాన్ని మాత్రమే బిట్‌కాయిన్ ముందుకు తెచ్చి అడ్డుకోవచ్చు. నిబంధనల మార్పు అవసరం లేదు. కాపలాదారుల్లో నిజాయితీపరుడు ఒక్కడుంటే చాలునన్నది దీని సారాంశం. ఆ ఒక్కడు ఏమరకుండా ఉండాలన్నదీ అంతే నిజం.

భారతీయ మదుపరులకు తాళంచెవుల భయం కొత్త కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్ల మేర, అంటే సుమారు రూ.1,900 కోట్ల ఆస్తులు చోరీ అయ్యాయి. అది వంతెన కాకున్నా, కొద్దిమంది సంతకాలపై ఆధారపడిన ఖజానాయే. కాగా 2022 బడ్జెట్ నిబంధనల ప్రకారం ఒక డిజిటల్ ఆస్తినిచ్చి మరొకటి తీసుకున్నా లాభంపై 30 శాతం పన్ను తప్పదు. ఒకదానిపై వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించి చూపే వీలు కూడా లేదు.