ధ్రువపత్రం కోసం బడి సహాయం ఆగనవసరం లేదు: ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు పాఠశాలలో తోడ్పాటు పొందే విధానం

(ప్రత్యేక వ్యాసం)

ప్రతి సోమవారం కలెక్టరేట్లలో నిర్వహించే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీలలో వైకల్య ధ్రువపత్రాలకు సంబంధించినవి కొన్ని తప్పక ఉంటాయి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని, పక్కన బిడ్డను నిలబెట్టుకొని వరుసలో వేచి ఉండే తల్లులను ఆ వేదికకు వెళ్ళిన విలేఖరులందరూ చూసే ఉంటారు. వారిని అడిగే మొదటి ప్రశ్న "సదరం సర్టిఫికెట్ ఉన్నదా, శాతం ఎంత?" అన్నది. "బిడ్డ ఏ తరగతి, బడిలో ఏమి చేస్తున్నారు?" అన్న ప్రశ్న రెండవదిగానైనా వినిపించడం అరుదు. వెనుక వరుసలో కూర్చొని పత్రికా ప్రకటనలు వ్రాసుకొనే ఈ వ్యాసకర్త సైతం చాలా కాలం ఈ లోటును గమనించలేదని ఒప్పుకొనవలసి ఉన్నది.

పింఛనుకు, ప్రయాణ రాయితీకి, ఉద్యోగ రిజర్వేషనుకు శాతం కావలసినదే. కాని తరగతి గదిలో ముందు బల్ల మీద చోటు ఇవ్వడానికి, పెద్ద అక్షరాల పాఠం ఇవ్వడానికి, పరీక్ష నోటితో చెప్పించుకోవడానికి శాతం అవసరం లేదు. ఈ రెంటినీ ఒకటిగా భావించుట వలన, ధ్రువపత్రం వచ్చేవరకు బడిలో ఏ ప్రయత్నమూ మొదలు కాక, పిల్లలు ఒకటి రెండు సంవత్సరాలు ఊరకే కోల్పోతున్నారు. రెండవ తరగతిలో కోల్పోయిన సంవత్సరం అయిదవ తరగతిలో తిరిగి దొరకదు.

చట్టంలో రెండు నిర్వచనాలు

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. దాని స్థానంలో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, మాటకు సంబంధించిన లోపాలు, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి ఇందులో చేరినవి. 2011 జనాభా లెక్కలలో వైకల్యాలను ఎనిమిది శీర్షికల కింద నమోదు చేశారు. అందులో అభ్యసన వైకల్యానికి ప్రత్యేకమైన గడి లేదు. కావున పాత లెక్కలను చూపి "మా మండలంలో అటువంటి పిల్లలు లేరు" అని నివేదించుట సరికాదు.

అధికారులు ప్రత్యేకంగా గమనించవలసినది ఈ చట్టం చేసిన విభజన. దీర్ఘకాలిక లోపం కారణంగా, ఎదురయ్యే అవరోధాల వలన ఇతరులతో సమానంగా పాల్గొనలేకపోతున్న వ్యక్తిని చట్టం వైకల్యం గల వ్యక్తిగా పేర్కొన్నది. ఇందులో శాతం ప్రస్తావన లేదు. ధ్రువీకరించిన వైకల్యం 40 శాతానికి తగ్గని వారిని మరొక నిర్వచనం కింద వేరుగా చూపినది. 6 నుంచి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్యకు హామీ ఇచ్చే 31వ సెక్షను రెండవ నిర్వచనానికి చెందినది. ఏ వివక్షా లేకుండా చేర్చుకొనుట, పిల్లవాని అవసరానికి తగిన సర్దుబాటు చేయుట, వ్యక్తిగత తోడ్పాటు ఇచ్చుట, అభ్యసన వైకల్యాన్ని వీలయినంత త్వరగా గుర్తించుట వంటి బాధ్యతలను నిర్దేశించిన 16వ సెక్షను మాత్రం మొదటి నిర్వచనంతో ముడిపడి ఉన్నది. ప్రభుత్వ నిధులు పొందే పాఠశాలలకే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలలకు కూడ ఈ సెక్షను వర్తిస్తుంది.

ఈ విభజనను సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో మరింత స్పష్టం చేసినది. చేతి కండరాలు పట్టివేసే ఇబ్బంది గల ఒక సివిల్ సర్వీసుల అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో పరీక్షలో లేఖకుని నిరాకరించగా, సహేతుకమైన సర్దుబాటుకు ఆ శాతాన్ని షరతుగా పెట్టరాదని న్యాయస్థానం తీర్పు చెప్పినది. సివిల్ సర్వీసుల పరీక్షలోనే కూడదన్న షరతును మూడవ తరగతి గదిలో ఏ ప్రధానోపాధ్యాయుడు పెట్టగలడు?

గుర్తింపు బడిలోనే మొదలు

మొదట గమనించవలసినవారు తరగతి ఉపాధ్యాయులు. చూపు మందగించిన బిడ్డ నల్లబల్ల చూడకుండా పక్కవాని పుస్తకంలోకి చూసి వ్రాసుకొంటుంది. వినికిడి తగ్గిన బాలుడు ఎదురుగా నిలబడి పిలిస్తే పలుకుతాడు, వెనుక నుంచి పిలిస్తే పలుకడు. వీనిని చాలామంది గుర్తించగలరు. కష్టమల్లా అభ్యసన వైకల్యంతోనే. ఆ పిల్లవాడు కథ చెబితే చక్కగా చెబుతాడు, నోటిలెక్క తప్పకుండా చేస్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ప, వ, ష అక్షరాల మధ్య, మ, య అక్షరాల మధ్య తడబడతాడు. వర్ణమాల అప్పజెప్పి, గుణింతం దగ్గర ఆగిపోతాడు. ఒత్తు అక్షరం వచ్చిన ప్రతిచోటా ఊహించి చదువుతాడు. ఈ తడబాటు ఒకటి రెండు నెలలు ఏ పిల్లవానిలోనైనా ఉండవచ్చును. తోటివారందరూ దాటిపోయిన తరువాత కూడ, అదనంగా చెప్పినప్పటికీ, అలాగే నిలిచి ఉంటే అది సోమరితనం కాదు, అల్లరీ కాదు.

ఉపాధ్యాయుల పరిశీలన ఒక పద్ధతిలో సాగడానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో "ప్రశస్త్" అనే పరిశీలనా పత్రాన్ని, దాని మొబైల్ యాప్‌ను విడుదల చేసినది. మొదటి భాగాన్ని తరగతి ఉపాధ్యాయులు, రెండవ భాగాన్ని ప్రత్యేక విద్యా నిపుణులు పూరించాలి. ఇది వైద్య నిర్ధారణ కాదు, ధ్రువపత్రానికి ప్రత్యామ్నాయమూ కాదు. ఏ బిడ్డను ముందుగా నిపుణుల వద్దకు పంపాలో తేల్చే జల్లెడ మాత్రమే. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు పాఠశాలకు వచ్చిన రోజున ఈ వివరాలను వారి ముందుంచితే, అవసరమైన వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపే వీలున్నది.

ఉపాధ్యాయులు గమనించకపోతే తల్లిదండ్రులే అడుగవచ్చును. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. నోటి మాటగా అడిగినది నోటి మాటగానే మిగిలిపోతుంది. బిడ్డ పేరు, తరగతి, ఇంట్లో తాము గమనించిన రెండు మూడు విషయాలు, ఏ తేదీ నుంచి గమనిస్తున్నారన్నది తెల్ల కాగితంపై వ్రాసి, పరిశీలన జరిపించి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రూపొందించవలసిందిగా ప్రధానోపాధ్యాయులను కోరాలి. రెండవ ప్రతిపై స్వీకరించినట్లు సంతకం, తేదీ, పాఠశాల ముద్ర తీసుకోవాలి. వ్రాయడం రాని తల్లిదండ్రులకు పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు వ్రాసి పెట్టవచ్చును. వ్యాధి పేరు తెలియనవసరం లేదు. "మా అమ్మాయి చదివినది చెప్పగలదు, వ్రాయలేదు" అన్న ఒక్క వాక్యం చాలును.

భవిత కేంద్రం, విద్యా ప్రణాళిక

ప్రధానోపాధ్యాయులు ఈ వివరాలను మండల విద్యాశాఖాధికారి ద్వారా సహిత విద్య రిసోర్స్ పర్సన్‌కు తెలియజేయాలి. సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో మండల స్థాయిలో ఉన్న భవిత కేంద్రాలు వీరి నిర్వహణలో నడుస్తున్నవి. ఫిజియోథెరపీ, మాట శిక్షణ, బడికి సిద్ధపరిచే తరగతులు ఇక్కడ లభిస్తాయి. భవిత కేంద్రంలో పేరు వ్రాయించినంత మాత్రాన ఊరి బడిలో పేరు తీసివేయరాదు. కేంద్రం బడికి తోడు మాత్రమే, బడికి బదులు కాదు.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక అన్నది పెద్ద పత్రమేమీ కాదు. బిడ్డ నేడు ఏమి చేయగలదు, ఈ మూడు నెలలలో ఏమి సాధించాలి, ఎవరు ఏమి చేయాలి, తిరిగి ఎప్పుడు చూడాలి అన్న నాలుగు అంశాలు స్పష్టంగా ఉంటే సరిపోతుంది. "చదువులో మెరుగుదల సాధించుట" అని వ్రాసిన ప్రణాళికలు ఫైలుకు పనికివస్తాయి గాని బిడ్డకు పనికిరావు. "ఒత్తులు లేని మూడక్షరాల మాటలు ఇరవై చూసి చదువుట, తరగతి ఉపాధ్యాయిని రోజూ పది నిమిషాలు, రిసోర్స్ పర్సన్ వారానికొకసారి" అని వ్రాసినది మూడు నెలల తరువాత ఎవరైనా సరిచూడగలరు. తల్లిదండ్రులను కూర్చోబెట్టుకొని ప్రణాళిక వ్రాసి, ఒక ప్రతి వారికివ్వాలి.

సమగ్ర శిక్ష పథకం 2018-19లో ప్రారంభమైన నాటి నుంచి ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి సంవత్సరానికి రూ.3,500 వరకు కేటాయింపునకు, బాలికలకు అదనంగా నెలకు రూ.200 వంతున పది నెలల స్టైపెండుకు అవకాశం కల్పించినది. ఉపకరణాలు, రవాణా భత్యం, తోడుగా వచ్చేవారికి ఎస్కార్టు భత్యం, చూపు లేనివారికి రీడర్ భత్యం ఈ పద్దులోనివే. అయితే యు-డైస్ నమోదులో ప్రత్యేక అవసరాల గడి ఖాళీగా ఉన్న బిడ్డ ఏ కేటాయింపులోనూ కనిపించదు. ఆ గడి నింపడం ప్రధానోపాధ్యాయుల పని.

ధ్రువపత్రం, పరీక్షలు

ఇంతవరకు చెప్పినదంతా ధ్రువపత్రం లేకుండా జరుగవలసినది. ధ్రువపత్రం అవసరం లేదని దీని అర్థం కాదు. పబ్లిక్ పరీక్షల రాయితీలకు, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషనుకు అది కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సదరం శిబిరాలు ప్రజలకు పరిచితమే. 2021 జూన్ 1 నుంచి దేశమంతటా ధ్రువపత్రాలను స్వావలంబన్ పోర్టల్ ద్వారానే జారీ చేయాలని కేంద్రం నిర్దేశించినది. 2024 అక్టోబరులో సవరించిన నియమాలు వైద్య అధికారులకు ఉన్న నెల రోజుల గడువును మూడు నెలలకు పెంచినవి. రెండు సంవత్సరాలు దాటినా నిర్ణయం కాని దరఖాస్తు నిలిచిపోతుంది. కావున దరఖాస్తు సంఖ్యను భద్రపరచి అప్పుడప్పుడు విచారించుకొనుట మంచిది.

అభ్యసన వైకల్యం విషయంలో మరొక చిక్కు ఉన్నది. 2018 జనవరిలో వెలువడిన మార్గదర్శకాలు ఎనిమిది సంవత్సరాలు నిండిన వారికే ఈ ధ్రువపత్రం ఇవ్వాలని, 14వ ఏట, 18వ ఏట తిరిగి పరీక్షించాలని పేర్కొన్నవి. చిన్న వయస్సులో చదవడంలో తడబాటు సహజమే గనుక తొందరపడి ముద్ర వేయరాదన్నది దీని ఉద్దేశము. ఆరేళ్ళ పిల్లవానికి సహాయం చేయరాదని మాత్రం అందులో ఎక్కడా లేదు. నిపుణుల పరీక్ష అవసరమైనప్పుడు, 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ తెలుగు కుటుంబాలకు చిరకాలంగా అందుబాటులో ఉన్నది.

పదవ తరగతిలో లేఖకుడు, అదనపు సమయం, భాషా మినహాయింపు కోరేవారు నామినల్ రోల్సుతో పాటే ప్రధానోపాధ్యాయుల ద్వారా దరఖాస్తు పంపాలి. ద్వితీయ, తృతీయ భాషల మినహాయింపుతో సహా ఈ సడలింపులకు చట్టంలోని 17వ సెక్షను ఆధారము. హాల్ టికెట్లు వచ్చాక పరుగులు తీయడం ప్రతి మార్చిలోనూ పత్రికలలో చూస్తున్నదే.

నిరాకరించినప్పుడు

"ఈ బిడ్డ మా బడికి సరిపడదు" అన్న మాట చట్టవిరుద్ధము. ప్రవేశానికి పరీక్ష పెట్టిన పాఠశాలకు విద్యాహక్కు చట్టం 13వ సెక్షను కింద మొదటిసారి రూ.25,000 వరకు, ఆ పిమ్మట ప్రతిసారి రూ.50,000 వరకు జరిమానా విధించవచ్చును. 2012 సవరణ వైకల్యం గల పిల్లలను ప్రతికూల పరిస్థితులలోని వర్గంలో చేర్చుట వలన ప్రైవేటు పాఠశాలల 25 శాతం సీట్లకు వారు అర్హులు. తీవ్రమైన, బహుళ వైకల్యం గల పిల్లలకు గృహ ఆధారిత విద్య కోరుకొనే హక్కును ఇచ్చినదీ ఆ సవరణే. ఇది కుటుంబం కోరుకొనవలసిన హక్కు గాని, బడి వదిలించుకొనే మార్గం కాదు.

ఫిర్యాదు వ్రాతపూర్వకంగా ఇచ్చిన పక్షంలో స్థానిక సంస్థ మూడు నెలలలో నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయంపై రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేయవచ్చును. సివిల్ కోర్టు అధికారాలు గల రాష్ట్ర వికలాంగుల కమిషనరును కూడ ఆశ్రయించవచ్చును.

సిబ్బంది కొరత ఉన్నమాట దాచవలసినది కాదు. ప్రాథమిక స్థాయిలో ప్రతి పది మందికి, పై తరగతులలో ప్రతి పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న ఆదేశించి, పోస్టులను ప్రకటించవలసిందిగా 2025 మార్చి 7న రాష్ట్రాలన్నిటికీ తిరిగి చెప్పినది. విలేఖరులు జిల్లా గణాంకాలు అడిగేటప్పుడు ధ్రువపత్రాల సంఖ్యతో పాటు, విద్యా ప్రణాళిక వ్రాసిన పిల్లల సంఖ్యను కూడ అడుగగలరు. వార్తలో బిడ్డ పేరు, ముఖం, బడి పేరు అవసరం లేదు.

అయిదవ తరగతి ముగించి ఉన్నత పాఠశాలకు వెళ్ళే సమయంలో ఈ కాగితాలు తరచుగా పాత బడి బీరువాలోనే ఉండిపోతాయి. కొత్త బడిలో పరిశీలన మరల మొదటి నుంచి మొదలవుతుంది. బదిలీ ధ్రువపత్రంతో పాటు విద్యా ప్రణాళిక ప్రతిని జతపరచి, పంపిన తేదీని రిజిస్టరులో వ్రాయవలసిందిగా ప్రధానోపాధ్యాయులను, ఇంటివద్ద ఒక ప్రతిని ఉంచుకొనవలసిందిగా తల్లిదండ్రులను కోరడమైనది.