ఒక చెవిలో ఒకరు, ఇంకో చెవిలో ఇంకొకరు: మనకి ఎవరి మాట వినపడుతుంది?

ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నారా? అయితే రెండూ పెట్టుకోండి. ఈరోజు టాపిక్ మీ రెండు చెవుల గురించే.

ముందు నా సంగతి చెప్తాను. మా నాన్నకి ఎడమ చెవి వినపడదు. ఇంట్లో మామూలుగానే మాట్లాడతాడు. పెళ్ళికి వెళ్తే మాత్రం ఏది అడిగినా "ఆఁ? ఏంటి?" అంటాడు. ఆమధ్య ఒక పెళ్ళి భోజనాల్లో నాకు విసుగొచ్చింది. "నాన్నా, కాస్త శ్రద్ధగా విను" అనేశాను. ఆయన ఏమీ అనలేదు, తల వంచుకుని తిన్నాడు. ఈ సబ్జెక్ట్ చదివాక తెలిసింది, తప్పు నాదని.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. శ్రుతి మార్చకుండా "ఆ" అనండి, వెంటనే "ఈ" అనండి. శ్రుతి అదే, అచ్చు మారింది. ఎందుకంటే నోటి ఆకారం మారింది. ఆ ఆకారాన్ని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు గట్టిగా పలుకుతాయి. వాటినే ఫార్మెంట్లు అంటారు. మగ గొంతులో "ఆ"కి సుమారు 700, 1100 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. "ఈ"కి సుమారు 300, 2300 దగ్గర. అచ్చుని గుర్తుపట్టడానికి చాలావరకు ఈ రెండే ఆధారం.

మరి ఆ రెండిటినీ విడదీసి, చెవికి ఒకటి చొప్పున పంపితే? 1957లో బ్రాడ్‌బెంట్, లాడెఫోగెడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి ప్రయోగమే చేశారు. రెండు ముక్కల శ్రుతీ ఒకటే అయితే వినేవాళ్ళకి ఒకే గొంతు వినిపించింది. శ్రుతులు వేరు చేస్తే రెండు గొంతులుగా విడిపోయింది. అంటే విడివిడి చెవుల్లో పడినా, ఏది ఎవరి గొంతో మెదడే లెక్క కడుతుందన్నమాట.

అంతకుముందు 1953లో కోలిన్ చెర్రీ ఇంకోటి చూపించాడు. ఒకే మనిషి గొంతులో రెండు వేర్వేరు మాటల్ని కలిపేసి వినిపిస్తే విడదీయడం చాలా కష్టమైంది. అదే చెవికొకటి ఇస్తే, ఒక చెవిలోది తేలిగ్గా తిరిగి చెప్పగలిగారు. రెండో చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా చాలామంది గమనించలేదు!

ఇప్పుడు మా నాన్న దగ్గరికి వద్దాం. బ్యాండు మేళం, గిన్నెల చప్పుడు, పక్కవాళ్ళ కబుర్లు, నా మాట, అన్నీ ఆయనకి ఒకే చెవిలో పడుతున్నాయి. నా అచ్చుల ఫార్మెంట్ల మీద ఆ గోలంతా కప్పేస్తుంది. మనకి రెండు చెవుల మధ్య దొరికే తేడా ఆయనకి దొరకదు. శ్రద్ధ లేక కాదండీ, మనకంటే ఎక్కువ శ్రద్ధ పెడుతూ కూడా ఆయనకి మాట అందట్లేదు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే బాగా వినపడే చెవి వైపు కూర్చోండి. ముందు పిలిచి, తర్వాత విషయం చెప్పండి. టీవీ సౌండ్ తగ్గించండి. వాళ్ళ ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేస్తే రెండు వైపుల సౌండూ ఒకే చెవిలో వస్తుంది. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి, వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి.

ఆ తర్వాత ఇంకో ఫంక్షన్‌లో నేను నాన్నకి కుడిపక్కన కూర్చున్నాను. "ఏంటి" అన్న మాట ఒక్కసారే వచ్చింది. అది కూడా, ఇంకో లడ్డూ వేయించనా అని అడిగినప్పుడు.

ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.