మెట్టధాన్యములు – శాస్త్రపరిశోధన

1876-78 సంవత్సరముల ధాతకరువు కర్నూలు, కడప సీమలను ఎంత పీడించెనో చరిత్ర నెఱిగినవారు మఱవజాలరు. అట్టి సీమలో ధాన్యపుగింజనుగూర్చిన విచారణ విద్వాంసుల వినోదము గాదు. ప్రజల ప్రాణరక్షణమునకు సంబంధించిన కార్యము. నంద్యాలలో 1906వ సంవత్సరమున నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధనాక్షేత్రమును మనము ఈ దృష్టితోనే చూడవలసియున్నది. ప్రత్తి, జొన్న, కొఱ్ఱ మున్నగు మెట్టపైరులపై అచ్చట నూఱేండ్లకు మించి కృషి జరిగినది. సూర్యనంది యను కొఱ్ఱవంగడ మచ్చటనే జనించినది. ఇది 75 దినములలోపుగనే కోతకు వచ్చును. తొలకరి తప్పిన యేట ఇట్టి స్వల్పకాలపు పైరు ఎంత యాధారమో మన కాపులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

అయినను దిగుబడి యొక్కటియే ధాన్యమునకు గుణము గాదు. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను బీదజనులలో పెల్లాగ్రా యను వ్యాధి కానవచ్చెడిది. ఎండ తగిలిన తావుల చర్మము నల్లబడి పొరలూడుట, విరేచనములు, మతిభ్రమణము దాని లక్షణములు. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలయందు గోపాలన్, శ్రీకాంతయ్య అను వైద్యులు దీని కారణము నన్వేషించిరి. జొన్నలో ల్యూసిన్ అను మాంసకృత్తుల యంశము అధికముగ నుండుటచే, దేహమునకు నియాసిన్ అను విటమిను చాలక ఈ రోగము గలుగుచున్నదని 1960లో వారు ప్రతిపాదించిరి. ఈ వాదముపై పిమ్మట చర్చలు జరిగినను, ఆ విచారణ మనకొక సత్యమును బోధించినది. జొన్నసంకటి దోషి గాదు. సంకటితోడ పప్పు, కూర, పాలు లభింపని దారిద్ర్యమే దోషి. పొలమునందలి గింజ, వంటయింటి కుండ, తినువాని దేహము, ఈ మూటిని వేఱుపఱచి చేయు పరిశోధన యసంపూర్ణము.

నేడు కొఱ్ఱ విషయమున ఈ సత్యమునే మఱచుచున్నాము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప సంకటి తినుట పేదఱికపు గుఱుతయ్యెను. కాలువనీరు పాఱిన చోట్ల వరి స్థిరపడెను. 2012లో అమెరికా, చైనా శాస్త్రజ్ఞులు కొఱ్ఱయొక్క జన్యుక్రమమును వెల్లడించిరి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య వత్సరముగ ప్రకటించెను. మన పెరటి గింజను లోకము గౌరవింప నారంభించిన పిమ్మటగాని మనకు దానిపై గౌరవము గలుగలేదు! పట్టణములందలి చక్కెరవ్యాధిగ్రస్తులు ఇపుడు కొఱ్ఱబియ్యమును వెదకికొనుచున్నారు. కాని తెల్లదనముకొఱకు మరలలో మిక్కిలి పాలిషు పట్టించినచో తవుడును, దానితో పీచును పోవును. ఏ గుణమునకై కొనుచున్నారో ఆ గుణమే మరయొద్ద మిగిలిపోవును!

కావున భూస్వాములకును, పట్టణవాసులకును మా మనవి యొక్కటే. భూమి గలవారు పరిశోధనాక్షేత్రపు క్రొత్త వంగడములకు ఎకరమో, అరయెకరమో కేటాయించి, కొఱ్ఱలో కంది సాళ్లు వేయు పద్ధతిని విడువక, కలిమి నష్టములను శాస్త్రజ్ఞులకు నిష్కపటముగ తెలుపవలెను. కొనువారు తవుడు పోని గింజనే యడుగవలెను. బడిపిల్లల భోజనమున ఈ ధాన్యములకు స్థానము కల్పింపుమని ప్రభుత్వమును కోరవలెను. విత్తనము నిచ్చుట శాస్త్రజ్ఞుని వంతు. దానిని విస్తరి వఱకు చేర్చుట మన వంతు. ఈ రెండవది జరుగనినాడు నూఱేండ్ల నంద్యాల కృషి కాగితములపై పంటయే యగును.