ఎర్రబోరులో జేమ్స్‌బాండ్

"తాతయ్యా, ఈయన పోలీసోళ్ల మనిషా, లోపలోళ్ల మనిషా?"

లాప్‌టాప్ తెర మీద జేమ్స్‌బాండ్ ఇస్తాంబుల్ బజారు కప్పుల మీద మోటార్‌సైకిల్ తోలుతున్నాడు. ప్రశ్న వేసింది మా అక్క మనవడు. వాడికి పదకొండేళ్లు. 'లోపలోళ్లు' అంటే అడవి లోపల ఉండేవాళ్లు, మావోయిస్టులు. పుట్టినప్పటి నుంచీ ఎర్రబోరులోనే పెరిగిన పిల్లవాడికి తుపాకీ పట్టినవాడు ఎవడైనా ఈ రెంటిలో ఒకటి కావాలి. ఇరవై ఏళ్లుగా భద్రతా వ్యవహారాలు రాస్తున్న నాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తట్టలేదు.

మా ఇంట్లో బాండ్ సినిమాలు వంశపారంపర్యం. 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116' వచ్చినప్పుడు మా నాన్న కాలేజీ కుర్రాడు. ఆ సినిమా తర్వాత కృష్ణకు 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అన్న పేరు పడిపోయింది. ఆ అభిమానంతోనే నాన్న నన్ను ఖమ్మంలో 'ఆక్టోపస్సీ'కి తీసుకెళ్లాడు. ఇంగ్లిషు ముక్క అర్థం కాలేదు. ఉదయ్‌పూర్ వీధుల్లో టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ రాకెట్ పట్టుకుని రౌడీలను కొడుతుంటే హాలంతా ఈలలు వేసింది మాత్రం గుర్తుంది. కథ మొత్తం నాన్న చెవిలో తెలుగులో చెప్పాడు.

నా పిల్లలకు పదేళ్లు వచ్చాక నేనూ అదే పని చేశాను. మొదలుపెట్టింది 1977 నాటి 'ది స్పై హూ లవ్‌డ్ మీ'తో. తెల్ల కారు సముద్రంలోకి దూకి జలాంతర్గామి అయిపోయే సినిమా అది. 1962 నాటి 'డాక్టర్ నో' నుంచి 2021 నాటి 'నో టైమ్ టు డై' వరకు అసలు వరసలో 25 సినిమాలున్నాయి. బాండ్‌గా ఆరుగురు నటులు మారారు. అన్నీ పిల్లలకు పనికొచ్చేవి కావు. 'కాసినో రాయల్'లో చిత్రహింసల ఘట్టం ఉంది. 1960ల సినిమాల్లో ఆడవాళ్ల పట్ల బాండ్ ప్రవర్తన చూస్తే ఆపి మాట్లాడకుండా ముందుకు వెళ్లలేం. అందుకే మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా సినిమా ఆపాలి, మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి.

దసరా సెలవులకు అక్క దగ్గరికి వెళ్తూ ఆ నియమాన్నీ, లాప్‌టాప్‌నూ వెంట తీసుకెళ్లాను.

చింతూరు దాటితే శబరి ఒడ్డున కుంట. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద సుక్మా వైపు వెళ్తే ఎర్రబోరు వస్తుంది. పేరులోనే తెలుగు ఉంది. బడిలో చదువు హిందీ. ఇళ్లలో దొర్లి, తెలుగు. దొర్ల పిల్లలకు తెలుగు బాగానే అర్థమవుతుంది. అందుకే 'స్కైఫాల్' తెలుగు డబ్బింగ్ తీసుకెళ్లాను. ఇద్దరు మనవలతో మొదలైన ప్రదర్శనకు సాయంత్రానికి పక్కిళ్ల పిల్లలు కూడా కలిసి తొమ్మిది మంది అయ్యారు.

అక్కకు మాత్రం ఇది నచ్చలేదు. "ఆ వేగు సినిమాలు ఇక్కడెందుకురా? వేరేవి లేవా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట వెనక ఎంత ఉందో అప్పుడు పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సింది. ఎర్రబోరు చరిత్ర నేను ఎన్నోసార్లు రాసిందే. 2005 జూన్‌లో మొదలైన సల్వాజుడుం కాలంలో లోపలి ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్కన శిబిరాల్లో ఉంచారు. అలాంటి శిబిరం ఒకటి ఎర్రబోరులోనూ ఉండేది. 2006 జులై 17న తెల్లవారేలోపు మావోయిస్టులు దాని మీద పడ్డారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఏడాది తిరక్కుండానే, 2007 జులై 9న, ఇదే ఠాణా పరిధిలోని అడవిలో మాటువేసి సీఆర్పీఎఫ్ జవాన్లు, పోలీసులు, ఎస్పీఓలు కలిపి రెండు డజన్ల మందిని చంపారు. 2025 జూన్ 9న కుంట–ఎర్రబోరు దారిలో దోండ్రా దగ్గర మందుపాతర పేలి అదనపు ఎస్పీ ఆకాశ్‌రావు గిరిపుంజే ప్రాణాలు కోల్పోయారు.

ఈ పెద్ద ఘటనల మధ్య మన పత్రికల్లో లోపలి పేజీల్లో పడే చిన్న వార్త ఒకటుంటుంది. 'ఇన్‌ఫార్మర్ నెపంతో గిరిజనుడి హత్య'. పాఠకుడు చదివి పేజీ తిప్పేస్తాడు. రాసిన మేమూ తిప్పేస్తాం. లండన్‌లో గూఢచారి అంటే సూటు, కారు, ఖరీదైన గడియారం. బస్తర్‌లో ఆ మాటకు అర్థం తెల్లారేసరికి ఊరి బయట పడి ఉన్న శవం.

'స్కైఫాల్' కథ తెలిసిన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉగ్రవాద ముఠాల్లోకి మారుపేర్లతో చొరబడ్డ ఏజెంట్ల అసలు పేర్లున్న హార్డ్‌డిస్క్ ఒకటి దొంగల చేతికి చిక్కుతుంది. ప్రతినాయకుడు వారానికి ఐదు పేర్ల చొప్పున ఇంటర్నెట్‌లో పెడతానని బెదిరిస్తాడు. పేర్లు బయటపడ్డవాళ్లు చనిపోతుంటారు. ఆ ఘట్టం దగ్గర మనవడు చెయ్యెత్తాడు. సినిమా ఆపాను.

"పేరు తెలిస్తే చాలా? చంపేస్తారా?"

నేను నోరు తెరిచేలోపే వంటింటి గుమ్మం దగ్గర నుంచి అక్క గొంతు వినిపించింది. అప్పటిదాకా బియ్యం ఏరుతున్నట్టు కూర్చుని చూస్తూనే ఉందన్నమాట.

"చాలు. అందుకే మీ తాత పుస్తకం కాల్చేశాడు."

బావ పోయి ఆరేళ్లయింది. ఆ కిరాణా కొట్టు ఆయన పెట్టిందే. ఇప్పుడు మేనల్లుడు చూసుకుంటున్నాడు. అందరు కిరాణావాళ్ల లాగే బావకూ ఉద్దెర ఖాతా పుస్తకం ఉండేది. ఎవరు ఎన్ని కిలోల బియ్యం, ఎంత నూనె, ఎన్ని సబ్బులు తీసుకెళ్లారో పేరు, ఊరు, తేదీతో సహా రాసుకునేవాడు. 2006 తర్వాత ఆ పుస్తకానికి వేరే అర్థం వచ్చింది. సంతరోజు ఒక మనిషి ఒక్కసారే ఇరవై కిలోల బియ్యం కొంటే అది ఎవరికని ఒక పక్షం అడుగుతుంది. ఠాణా వాళ్లు రోజూ ఎన్ని గుడ్లు తెప్పించుకుంటున్నారో చెబితే లోపల ఎందరున్నారో లెక్క కట్టొచ్చు. అది రెండో పక్షానికి కావాలి. కొట్టువాడు ఎవరికీ ఏమీ చెప్పకపోయినా పుస్తకం చెప్పేస్తుంది.

ఒక రాత్రి బావ ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాడు. రావాల్సిన బాకీలన్నీ దాంతోపాటే పోయాయి. కొన్ని నెలలు కొట్టు మూసేసి కుంటలో తలదాచుకున్నారు. తిరిగొచ్చాక కొత్త పుస్తకం మొదలైంది. అందులో పేర్లు లేవు. ఒకరికి గొడుగు, ఒకరికి కోడి, ఒకరికి సైకిల్. ఏ బొమ్మ ఎవరిదో బావకూ అక్కకూ తప్ప తెలియదు. ఇప్పటికీ ఆ కొట్టులో అదే పద్ధతి.

మనవడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "మన ఖాతాలో బొమ్మలు అందుకేనా నానమ్మా? తాతకు చదువు రాదేమో అనుకున్నా."

"మీ తాత దస్తూరీ ముత్యాల్లా ఉండేది" అంది అక్క.

బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఈ సంగతి తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ నౌకాదళ నిఘా విభాగం అధిపతికి వ్యక్తిగత సహాయకుడిగా పనిచేశాడు. 1952లో మొదటి నవల రాసినప్పుడు హీరోకు కావాలనే చప్పని పేరు వెతికి, ఒక పక్షిశాస్త్రవేత్త పేరు తీసుకున్నాడు. నిజమైన గూఢచారి ఎవరి కంటా పడనివాడు. సినిమాకు వచ్చేసరికి ఆ చప్పదనం పోయి, ప్రతి హోటల్లోనూ సొంత పేరు చెప్పుకుని తిరిగే మనిషి మిగిలాడు. ఇది పిల్లలకు చెబితే తెగ నవ్వారు. వాళ్ల తాతకు తెలిసిన రహస్యం బాండ్‌కు తెలియదని అర్థమైంది వాళ్లకు.

రాజు వేగుల కళ్లతో చూస్తాడని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఆ కళ్లకు పొర కమ్మితే ఏమవుతుందో బాండ్ సినిమాలు చూపించవు. అక్కడ పైఅధికారిణి ఇచ్చే సమాచారం దాదాపు ఎప్పుడూ నిజమే. బస్తర్‌లో అలా కాదు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడలో బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. మావోయిస్టులని మొదట ప్రకటించారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని విచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక బయటికి రావడానికి 2019 దాకా పట్టింది. తప్పుడు సమాచారం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చంపడానికి లైసెన్సు అన్న మాట మీద కూడా సినిమా ఆపాల్సి వచ్చింది. మన దేశంలో ఎవరికీ అలాంటి లైసెన్సు లేదని చెప్పాను. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు కావాలి, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలి అని 2014లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. గిరిజన యువకులకు నామమాత్రపు శిక్షణ ఇచ్చి, ఎస్పీఓలుగా తుపాకులిచ్చి పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న అదే కోర్టు తీర్పిచ్చింది. 'స్కైఫాల్'లో నిఘా సంస్థ అధిపతి విచారణ సంఘం ముందు కూర్చుని జవాబు చెప్పుకుంటుంది. బ్రిటన్‌లో ఆ సంస్థకు 1994లో చట్టం చేశారు. మన 'రా' 1968లో పుట్టింది. దానికి ఇప్పటికీ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. పెద్దవాళ్లం కూడా ఈ సినిమాను అక్కడ ఒకసారి ఆపి చూడటం మంచిది.

పిల్లలకు చెప్పనిది ఒకటుంది. ఈ నేల మీద గూఢచర్యం పిల్లల ఆట కాలేదు, పిల్లల పని అయ్యింది. ఛత్తీస్‌గఢ్ పోరులో పిల్లల గురించి 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక నివేదిక వెలువరించింది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలను మావోయిస్టులు బాల సంఘాల్లో చేర్చుకుని బలగాల కదలికలు కనిపెట్టే పనికి వాడుకున్నారని అందులో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఎస్పీఓలుగా తీసుకున్నారని రాష్ట్రాన్ని కూడా అది తప్పుపట్టింది. నా ముందు కూర్చున్న తొమ్మిది మందిదీ సరిగ్గా ఆ వయసే. వాళ్ల తల్లిదండ్రుల తరానికి దక్కనిది వీళ్లకు దక్కింది. గూఢచారిని తెర మీద చూసి, చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి నిద్రపోవచ్చు. భద్రత అంటే ఇదేనేమో. మనం ఎన్ని శిబిరాలు తెరిచాం, ఎందరు లొంగిపోయారు అని లెక్కలు రాస్తాం. ఎర్రబోరులో పిల్లలు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని వేగు సినిమా చూడగలగడం ఆ లెక్కల్లోకి రాదు.

అలాగని అంతా అయిపోయిందని చెప్పను. అంతా అయిపోతే ఖాతాలో మళ్లీ పేర్లు రాసేవాళ్లు. మర్నాడు మేనల్లుడిని అదే అడిగాను. "రోడ్డొచ్చింది, టవరొచ్చింది. ఇంక పేర్లు రాసుకోవచ్చుగా?" వాడు తల గోక్కున్నాడు. "రాయొచ్చు మావయ్యా. చూద్దాం, ఇంకో రెండేళ్లు పోనీ."

ఈ ప్రాంతంలో ప్రశాంతత ఎప్పుడొచ్చిందని నన్ను ఎవరైనా అడిగితే ఇకమీదట ప్రకటనలు చూడను. ఆ పుస్తకం చూస్తాను.

పిల్లలకు బాండ్‌ను పరిచయం చేయాలనుకునే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంతే. చూపించండి. పక్కన కూర్చుని చూపించండి. సినిమా ఆపే హక్కు పిల్లలకివ్వండి. మీ ఇంట్లోనూ చెప్పని కథ ఒకటి ఉండొచ్చు, అది ఆ విరామంలోనే బయటికొస్తుంది.

మనవడి మొదటి ప్రశ్నకు జవాబు బాకీ ఉంది కదా. సినిమా అయ్యాక మళ్లీ అడిగాడు, ఈయన ఎవరి మనిషని. "ఇంగ్లండు రాణి మనిషి" అన్నాను. "అంటే పోలీసోళ్ల మనిషే" అని తేల్చేసి నిద్రకు పోయాడు.

బయల్దేరేటప్పుడు అక్క సంచిలో చింతపండు, విప్పపూల పొట్లం పెట్టింది. బస్సు వచ్చాక అంది. "ఈసారి వచ్చేటప్పుడు ఆ కారు నీళ్లలోకి పోయేది తీసుకురా. పిల్లలకేలే."