మీకు తెలుసా? రేసు పడవ ఇంజన్ తాగింది ఆముదం!

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే మొదటిసారి. అప్పుడు ముంపు ఊళ్లలోకి వెళ్లిన ఎన్డీఆర్‌ఎఫ్ రబ్బరు పడవల వెనక బిగించేది ఔట్‌బోర్డ్ మోటారే కాబట్టి మణుగూరు వైపు వాళ్లకు దాన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఈ మోటార్లలో పందేల కోసమే తయారైనవీ ఉన్నాయి. 1950ల నాటి అమెరికా, జర్మనీ రేసుల్లో మెర్క్యురీ, కోనిగ్ వంటి ఇంజన్లు కొన్ని మిథనాల్‌లో ఆముదం కలిపి తాగేవి.

అవును, మన ఆముదమే. ఈ రేసు మోటార్లు టూ స్ట్రోక్ ఇంజన్లు. వీటిలో నూనెకు వేరే అర ఉండదు, ఇంధనంలోనే కలిపి పోయాలి. మామూలు ఇంజన్ ఆయిల్ మిథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది. బాగా వేడెక్కినా లోహాన్ని వదలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు తిరిగిందీ దీని మీదే. చెట్టు లేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షమని మనం వెక్కిరిస్తాం గానీ, రేసు పడవల వాళ్లకు అది నిజంగానే మహావృక్షం.

అంటుకునే ఈ గుణమే తర్వాత ఇంజన్ కొంప ముంచుతుంది. పందెం అయ్యాక శుభ్రం చేయకుండా మూలన పడేస్తే, వేడికి చిక్కబడ్డ ఆముదం గట్టిపడి పిస్టన్ రింగుల్ని గాడిలోనే అతికించేస్తుంది. మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కనుక తుప్పూ తోడవుతుంది.

ఇంజన్ పట్టేసిందంటే మన దగ్గర ముందు డీజిల్ పోస్తారు. వరదలో మునిగి తుప్పుపట్టిన ఆయిల్ ఇంజన్‌కు ఆ వైద్యం కొంత పనిచేస్తుంది. ఆముదపు జిగురుకు మాత్రం డీజిల్ పోసినా ఒకటే, పోయకున్నా ఒకటే. అది లొంగేది మిథనాల్ లాంటి ఆల్కహాల్‌కు. మరీ మాడి గట్టిపడితే హీట్ గన్ వేడికి మెత్తబడుతుంది. రెండూ ఒకేసారి మాత్రం వద్దు! మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కంటికి కనిపించదు. ఏ మందో తేల్చుకోవడానికి ముందు ప్లగ్గులు విప్పి లోపలికి టార్చి వేయండి. ఎర్రగా ఉంటే తుప్పు, గోధుమరంగులో లక్కలా మెరిస్తే ఆముదం.

ఇక తాడు పట్టి బలంగా లాగడం! పాత ఇంజన్లను తుప్పు కన్నా ఎక్కువగా చంపేది ఆ తొందరే అని నా అనుమానం. టూ స్ట్రోక్ సిలిండర్ గోడకు పోర్టులనే కిటికీలు ఉంటాయి. బిగుసుకున్న రింగు కొస అక్కడ తగులుకుంటే టప్పున విరుగుతుంది. ఫ్లైవీల్ మీద సుత్తి వేస్తే మాగ్నెటో అయస్కాంతాలు, క్రాంక్ దెబ్బతింటాయి. కొన్ని రోజులు నానబెట్టి, ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలిస్తూ పోవాలి.

విడివడగానే స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది, కానీ ఆగండి. మెర్క్యురీ వారి క్విక్‌సిల్వర్ రేసు గేర్‌కేసుల్లో, అంటే ప్రొపెల్లర్ ఉండే కింది భాగాల్లో, అసలు నీళ్ల పంపే ఉండదు. పడవ దూకుడుకు ఎదురొచ్చే నీరే ఇంజన్‌లోకి ఎక్కి చల్లబరుస్తుంది. కాబట్టి షెడ్డులో స్టాండ్ మీద నీళ్లు ఎక్కించకుండా నడిపితే కాసేపట్లోనే మళ్లీ పట్టేస్తుంది. ఈసారి పిస్టన్ అల్యూమినియమే కరిగి గోడకు అంటుకుంటుంది, దానికి ఆల్కహాలూ లేదు, డీజిలూ లేదు.