గజం విలువ తేల్చేది రోడ్డు వెడల్పే
జూబ్లీహిల్స్ చూసి మన పల్లెలు తెలుసుకోవాల్సిన సంగతులు

చేవెళ్ల: (మా గ్రామీణ విలేఖరి)

పట్నం దగ్గరికి వచ్చేకొద్దీ పొలం గట్ల మీద మాట మారిపోయింది. ఎకరానికి ఎన్ని బస్తాలన్న లెక్క పోయి, గజం ఎంత పలుకుతుందన్న లెక్క వచ్చింది. గజం ధర చెప్పేవారు ఊరికి పదిమంది ఉన్నారు గాని, ఆ గజంలో ఏం కట్టుకోవచ్చు, ఎన్ని అంతస్తులు లేపవచ్చు, అసలు కట్టనిస్తారా లేదా అన్నది చెప్పేవారు కరువయ్యారు. నిజానికి ధర నిలిచేది ఈ రెండో లెక్క మీదనే. అది తెలియక అగ్గువకు అమ్ముకున్న రైతులూ ఉన్నారు, తెలియక కొని ఇల్లు కట్టుకోలేకపోయినవారూ ఉన్నారు.

గుట్టల మీద బంగళాలు

హైదరాబాదులో ధనవంతుల కాలనీ ఏదంటే చిన్నపిల్లవాడైనా జూబ్లీహిల్స్ పేరు చెబుతాడు. ఒకప్పుడు అదంతా రాళ్ల గుట్ట. 1960 దశకంలో ఏర్పడిన సహకార గృహనిర్మాణ సంఘం దాదాపు 1,400 ఎకరాల్లో ఇళ్ల స్థలాలు వేసింది. ఒక్కో స్థలంలో ఒక్కో కుటుంబం, చుట్టూ తోట, ముందు ప్రహరీ అన్నది అప్పటి ఆలోచన.

ఆ తర్వాత నగరం పడమటికి పెరిగింది. 2019లో మెట్రో రైలు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు చేరింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరుచుకున్నది. ఇళ్ల వీధులుగా వేసిన 36, 45 నంబరు రోడ్లు బట్టల దుకాణాలు, హోటళ్లతో బజారుగా మారాయి. అయితే అదే కాలనీలో రెండు సందులు లోపలికి వెళితే పాత బంగళాలు పాతవిగానే ఉన్నాయి. నేల ఖరీదైనదే, యజమానికి సొమ్ముకు కొదవ లేదు. మరి అక్కడ పది అంతస్తులు ఎందుకు లేవలేదు? ఎదుట ఉన్న రోడ్డు ఇరుకు గనుక.

రోడ్డును బట్టి ఎత్తు

చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పరిమితి ఉంటుంది. దీన్నే ఫ్లోర్ స్పేస్ ఇండెక్సు అంటారు. హైదరాబాదులో ఆ పరిమితిని 2006లో తొలగించారు. దాని బదులు రోడ్డు వెడల్పు, స్థలం పరిమాణం, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఈ మూడింటిని బట్టి ఎత్తు నిర్ణయించే పద్ధతి తెచ్చారు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో నం. 168 ఈ పద్ధతిని వివరంగా పట్టికలు వేసి చెప్పింది.

ఆ జీవో ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నది బహుళ అంతస్తుల భవనం. దానికి కనీసం 2,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,400 గజాల స్థలం ఉండాలి. ముందు 40 అడుగుల రోడ్డు ఉంటే 24 మీటర్ల దాకా, 60 అడుగుల రోడ్డు ఉంటే 30 మీటర్ల దాకా, 80 అడుగుల రోడ్డు ఉంటే 45 మీటర్ల దాకా లేపవచ్చు. అంతకు మించాలంటే 100 అడుగుల రోడ్డు కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ కూడా పెరుగుతుంది. 21 మీటర్ల భవనానికి 7 మీటర్లు, 30 మీటర్లకు 10 మీటర్లు, 45 మీటర్లకు 13 మీటర్లు వదలాలి. మంట లేచినప్పుడు అగ్నిమాపక యంత్రం తిరగడానికి, గాలి వెలుతురు రావడానికి పెట్టిన నియమమిది. జీవోకు తర్వాత సవరణలు వచ్చాయి గనుక స్థలం బేరం చేసేవారు తాజా ప్రతినే చూసుకోవాలి.

నలుగురు కలిస్తే లాభం

ఖాళీ వదలడం వల్ల చిన్న స్థలానికి ఎంత నష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. 60 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న స్థలం 400 గజాలు. దానికి నాలుగు వైపులా పదేసి అడుగులు వదిలామనుకుందాం. మిగిలేది 40కి 40, అంటే 3,600 చదరపు అడుగుల్లో 1,600 మాత్రమే. సగం కూడా దక్కలేదు.

ఇలాంటి స్థలాలు నాలుగు ఒకచోట కలిస్తే 120కి 120 అవుతుంది. చుట్టూ పదిహేను అడుగులు వదిలినా 90కి 90 మిగులుతుంది. విడివిడిగా కడితే నలుగురికీ కలిపి దక్కేది 6,400 చదరపు అడుగులు. కలిసి కడితే అది 8,100 అవుతుంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లో బిల్డర్లు పక్కపక్క బంగళాలను కలిపి అడగడంలోని గుట్టు ఇదే. లోపలి స్థలం ఒక్కటే అయితే ఒక ధర, రోడ్డు వైపు స్థలంతో కలిస్తే మరో ధర.

మన ఊళ్లలో అన్నదమ్ముల వాటాలు ఇలాగే ముక్కలై ఉన్నాయి. దారి ఉన్న ముక్క తమ్ముడికి, దారి లేని ముక్క అన్నకు వస్తుంది. బ్రోకరు ముందు అన్న దగ్గరికి పోయి, నీ ముక్కకు దారి లేదు కదా అని ధర తగ్గిస్తాడు. తర్వాత తమ్ముడి ముక్క కూడా కొని రెండూ కలుపుకుంటాడు. కలపడం వల్ల వచ్చిన విలువ అంతా అతని జేబులోకే పోతుంది. అన్నదమ్ములే కూర్చుని మాట్లాడుకుంటే ఆ విలువ ఇంట్లోనే ఉంటుంది.

జోన్ తెలియనిదే బేరం వద్దు

రోడ్డు కన్నా ముందు చూడాల్సింది జోన్. 2013 జనవరిలో ప్రకటించిన 2031 బృహత్ ప్రణాళికలో హైదరాబాదు చుట్టూ ఉన్న పల్లెల భూములను నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ సంరక్షణ వగైరా జోన్లుగా విడదీశారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుకు రెండు వైపులా కిలోమీటరు మేర వేరే నిబంధనలు పెట్టారు. ఒకే సర్వే నంబరులో సగం నివాస జోన్‌లో, సగం సంరక్షణ జోన్‌లో పడవచ్చు. మాస్టర్ ప్లాను రోడ్డు పొలం మధ్య నుంచి గీసి ఉండవచ్చు. అనుమతి కావాలంటే ఆ రోడ్డుకు పోయే నేలను ముందు అప్పగించాలి.

తహసీల్దారు కార్యాలయంలో వ్యవసాయేతర భూమిగా మార్చుకున్నంత మాత్రాన జోన్ మారదు. అది రెవెన్యూ శాఖ పని, ఇది ప్లానింగు శాఖ పని. జోన్ మారాలంటే అభ్యంతరాలు పిలిచి, రుసుము కట్టించుకుని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఈ తేడా తెలియకనే గుంటల లెక్కన, అంటే 121 గజాల ముక్కలుగా కొన్నవారు ఇల్లు కట్టబోయి ఇబ్బంది పడుతున్నారు. ఇలాంటి అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2020లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిస్తే లక్షల సంఖ్యలో వచ్చాయి.

జంట జలాశయాల ఊళ్లు

మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్ తదితర మండలాల్లోని 84 గ్రామాల సంగతి మరీ ప్రత్యేకం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నీరు చెడిపోకుండా 1996 మార్చి 8న జీవో నం. 111 తెచ్చారు. లేఅవుట్ వేస్తే 60 శాతం ఖాళీకి, రోడ్లకు వదలాలని, స్థలంలో సగం విస్తీర్ణానికి మించి కట్టరాదని అందులో ఉన్నది. ఎకరం 4,840 గజాలైతే ప్లాట్లకు మిగిలేది 1,936 గజాలే. మామూలు లేఅవుట్‌లో రోడ్లకు 30 శాతం, ఖాళీకి 10 శాతం పోయాయనుకున్నా 2,904 గజాలు దక్కుతాయి. పక్క ఊరికీ ఈ ఊరికీ ధరలో ఉన్న తేడా ఈ లెక్కలోనే ఉన్నది.

ఈ జలాశయాల రక్షణను 2000లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. 2022 ఏప్రిల్ 12న జీవో నం. 69 వచ్చి, జలాశయాల నీటికి హాని కలగరాదన్న షరతులతో ఆంక్షలను సడలించింది. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేస్తామన్నది. ప్రతి ప్రకటన వెంటా ఊళ్లలో కార్లు బారులు తీరాయి, బయానాలు చేతులు మారాయి. అయితే మంత్రివర్గ నిర్ణయం వేరు, మన సర్వే నంబరుకు అనుమతి రావడం వేరు. రైతులకు ఇన్నేళ్లు ఆదాయం నష్టమైన మాట నిజం. ఆ నీటి మీద నగరం ఆధారపడిన మాటా నిజం. ఊరి రైతు నగరం కోసం నేలను అట్టిపెట్టినప్పుడు దానికి పరిహారం ఏమిటన్న ప్రశ్నకు ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబు చెప్పలేదు.

సంతకానికి ముందు

బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చేవారు సగం సగమా, అరవై నలభయ్యా అన్నదొక్కటే చూస్తున్నారు. ఎన్ని అంతస్తుల్లో సగమో రాయించుకోవడం లేదు. తర్వాత అదనపు అంతస్తులకు అనుమతి వస్తే అందులో వాటా ఎవరిదన్నది ఒప్పందంలోనే ఉండాలి. అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతం భాగాన్ని అధికారులకు తనఖా పెట్టాలి. ఆ భాగం ఎవరి వాటాలోంచి పోతుందో కూడా తేల్చుకోవాలి. గడువు దాటితే ఏం చేస్తారో రాయించి, పత్రాన్ని రిజిస్టరు చేయించాలి.

ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద ఆ ఊరి జోన్ పటాన్ని సర్వే నంబర్లతో సహా తెలుగులో అతికించాలని, నెలకొక రోజు ప్లానింగు అధికారి మండల కేంద్రానికి వచ్చి రైతుల సందేహాలు తీర్చాలని ప్రజలు కోరుతున్నారు. ఖర్చు లేని ఈ పని జరిగితే, బ్రోకరు చేతిలో ఉన్న పటం రైతు చేతికి కూడా వస్తుంది. జిల్లా అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాల్సి ఉన్నది.